చావులేని రాణి, మునిగిన రాజ్యం: ‘షీ’ కథను నల్లగొండలో కూచుని చదివితే

మొన్న నల్లగొండ పోయినప్పుడు అక్క కొడుకు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన కూచున్నాడు. పదో తరగతి చదువుతున్నాడు. తెర మీద రాణి వేషంలో ఉన్న ఒకావిడ మంటలోకి నడిచిపోతోంది. చూస్తుండగానే ముఖం ముడతలు పడింది, జుట్టు తెల్లబడింది, మనిషి కుప్పకూలిపోయింది.

“మామా, గీ రాణి నిజంగ ఉండెనా? రెండు వేల ఏండ్లు బతికిందట. మన సాగర్ కింద గూడ ఒక రాజ్యం మునిగిందంటరు గద, గది గిసొంటిదేనా?”

ఒక్క గుక్కలో అడిగేశాడు గానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఆ రాణి ఎవరు? చావు లేకపోవడమంటే ఏమిటి? రాజ్యం ‘కనుమరుగైంది’ అంటే ఎవరి కంటికి? అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను. ఇంటికొచ్చాక నాకే తృప్తి కలగలేదు. అందుకే ఈ వ్యాసం.

ఒకే కథ, ఒకచోట మంచు, ఇంకోచోట ఇసుక

వాడు చూసింది ‘షీ’. ‘ఆమె’ అని అర్థం. బ్రిటన్‌లోని హామర్ సంస్థ 1965లో తీసిన సినిమా. రాబర్ట్ డే దర్శకుడు. రాణి అయేషాగా ఉర్సులా ఆండ్రెస్, మిగతా ముఖ్య పాత్రల్లో పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ, జాన్ రిచర్డ్‌సన్ నటించారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో, పాలస్తీనాలో కథ మొదలవుతుంది. లియో అనే కుర్రవాడి పోలిక అచ్చం కాలిక్రటీస్‌ది. కాలిక్రటీస్ అంటే వేల ఏళ్ల కింద అయేషా ప్రేమించి, అసూయ పట్టలేక తన చేతులతోనే చంపుకున్న మనిషి. అతనే మళ్లీ పుట్టాడని నమ్మి ఆమె లియోను ఎడారి దాటించి తన నగరానికి రప్పించుకుంటుంది.

దీనికి మూలం హెన్రీ రైడర్ హాగార్డ్ నవల. 1886 అక్టోబరు నుంచి 1887 జనవరి దాకా లండన్‌లోని ‘ది గ్రాఫిక్’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆరు వారాల్లో రాసేశానని ఆయనే చెప్పుకున్నాడు. రాణికి పెట్టిన బిరుదు, ‘ఎవరైనా సరే మాట వినాల్సిన ఆమె’, ఆయన చిన్నతనపు ఇంట్లో ఉన్న ఒక గుడ్డబొమ్మ పేరు. పిల్లల్ని భయపెట్టడానికి ఆయా ఆ బొమ్మను చూపించేదట. మన ఇళ్లల్లో బూచోడు చేసిన పనే.

ఇక సినిమాల విషయానికొస్తే లెక్క పెద్దదే. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ 1899లోనే ఈ నవలలోని మంట దృశ్యాన్ని నిమిషం నిడివి బొమ్మగా తీశాడు. 1925లో వచ్చిన మూకీకి తెర మీద చూపే మాటల్ని హాగార్డే రాశాడు, ఆ ఏడాదే చనిపోయాడు. 1935లో అమెరికావాళ్లు కథను ఆఫ్రికా నుంచి ఎత్తి ఉత్తర ధ్రువం దగ్గరి మంచులో పెట్టారు. 1965లో అది ఎడారికి చేరింది. ఫోన్లలో తిరిగే ముక్కల్లో ఒకదాంట్లో మంచు, ఇంకోదాంట్లో ఇసుక కనబడి పిల్లలు తికమకపడేది ఇందుకే.

నవల చదివితే తప్ప తెలియని సంగతి ఇంకొకటుంది. ‘కోర్’ అనే ఆ మహానగరం అయేషాది కాదు. ఆమె అక్కడికి చేరేనాటికే అది చచ్చిపోయిన ఊరు. మహమ్మారి వచ్చి దాదాపు జనమంతా పోయారు. వాళ్ల సమాధి గుహల్లో ఆమె కాపురం పెట్టింది. అంటే చావని రాణి వేరు, పోయిన రాజ్యం వేరు. సినిమావాళ్లు ఈ రెంటినీ ఒకటిగా కలిపేశారు. 1965 సినిమాలో నగరం పేరు కూడా మారి ‘కుమా’ అయింది.

ముసలితనం వేరు, చావు వేరు

మనం ‘జరామరణాలు’ అని జంటగా అంటాం. జర అంటే ముసలితనం, మరణం అంటే చావు. జంటగా వాడీ వాడీ రెండూ ఒకటేనన్నంత అలవాటైపోయింది. చావులేని మనుషుల కథలన్నీ ఆ జంటను విడగొట్టడంతోనే మొదలవుతాయి.

అశ్వత్థామను తీసుకోండి. చావు రాదు, కానీ ఒంటి నిండా రసి కారే పుండ్లతో మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడి శాపం. చావొక్కటే పోయింది, బాధంతా మిగిలింది. యయాతిది దీనికి తలకిందులు. శుక్రుడి శాపంతో ముసలితనం మీదపడితే దాన్ని కొడుకు పూరుడికి ఇచ్చి, వాడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్లు అనుభవించాడు. అక్కడ జర ఎక్కడికీ పోలేదు, ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి మారింది, అంతే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుది మూడో దారి. ప్రాణాన్ని ఒంట్లో ఉంచుకుంటేనే కదా భయం అని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్నాడు. ఫకీరుకు చావులేదు అనడం తప్పు. వాడి చావు దూరంగా ఉంది.

మరి అయేషా? భూగర్భంలోని అగ్నిస్తంభంలో ఒకసారి నిలబడితే ముసలితనం ఆగిపోయింది. రెండోసారి నిలబడేసరికి ఆగిన ఏళ్లన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. మొదటిసారి ఇచ్చినదాన్ని రెండోసారి తీసేసుకుందేమో అని నవలలో కథ చెప్పే హాలీ అనుకుంటాడు. కాబట్టి ఆమె అమరురాలు కాదు. నేను చావనిదాన్ని కాను, చాలాకాలం బతికేదాన్ని మాత్రమే అన్న అర్థంలో నవలలో ఆమే మాట్లాడుతుంది. మన మాటల్లో చెప్పాలంటే చిరంజీవి. పెండ్లి పత్రికల్లో ‘చి.’ అని అచ్చువేసే మాట సరిగ్గా ఆమెకు సరిపోతుంది.

‘అమరులు’ అన్న మాటైతే తెలంగాణలో మనం దేవతలకంటే ఎక్కువగా చనిపోయినవాళ్లకే వాడుతున్నాం. 1969లో, ఆ తర్వాత, రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు అమరులు. అక్కడ చావనిది పేరు.

రెండు వేల ఏళ్లంటే ఎంతో పిల్లలకు అందదు. అందుకని మావాడికి ఇట్లా లెక్క చెప్పాను. నవల ప్రకారం అయేషా పుట్టింది క్రీస్తుకు మూడు వందల ఏళ్లకు పైగా ముందు. ఆమెను ఆఫ్రికా గుహలో కాకుండా మన పానగల్లు గుట్ట మీద కూచోబెడదాం. ఆమె కళ్లముందే శాతవాహనులు వస్తారు, పోతారు. విజయపురిలో ఇక్ష్వాకులు సుమారు వందేళ్లు ఏలి వెళ్లిపోతారు. ఆ వందేళ్లు ఆమెకు మనకు ఒక ఎండాకాలం లాంటివి. ఇంద్రపాలనగరం నుంచి విష్ణుకుండినులు, అలంపురంలో గుళ్లు కట్టిన బాదామి చాళుక్యులు, రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, పానగల్లులోనే ఉన్న కందూరు చోడులు, కాకతీయులు, రాచకొండ వెలమ దొరలు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు. ఆసఫ్‌జాహీల పాలన నడుస్తుండగా 1880లలో లియో, హాలీ అనే ఇద్దరు ఇంగ్లిషువాళ్లు గుట్టెక్కి ఆమె ముందు నిలబడతారు. అప్పటికీ ఆమె జడలో ఒక్క తెల్ల వెంట్రుక ఉండదు.

“అంతసేపు ఒక్కతే ఏం జేసింది మామా?” అన్నాడు వాడు. నవల మొత్తానికి అదే గట్టి ప్రశ్న. చచ్చిపోయిన ప్రియుడి శవం పక్కన పడుకుంటూ ఎదురుచూసింది, అంతే.

రాజు చావకపోతే కొడుకు గతేమిటి?

ఇంతకన్నా పదునైన కథ మన దగ్గర ఉంది. అయేషాకు పిల్లల్లేరు కాబట్టి హాగార్డ్‌కు ఈ చిక్కు ఎదురుకాలేదు.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో చిరాయువు అనే రాజు ఉంటాడు. ఆయన మంత్రి నాగార్జునుడు, రసాయనం, అంటే ముసలితనాన్ని ఆపే మందు, తెలిసినవాడు. ఆ మందుతో రాజూ మంత్రీ ఎనిమిది వందల ఏళ్లు బతికారు. నాగార్జునుడు అక్కడితో ఆగక మనుషులందరికీ సరిపడా అమృతం చేయబోతే ఇంద్రుడికి భయం పట్టుకుంది. మనుషులు కూడా చావకపోతే దేవతలకూ వాళ్లకూ తేడా ఏముంటుంది? అశ్వినీ దేవతలతో కబురు పంపి ఆ పని మాన్పించాడు.

అసలు కథ ఆ తర్వాతిది. రాజు కొడుకు జీవహరుడికి యువరాజ పట్టాభిషేకమైంది. సంతోషంగా వచ్చిన కొడుకుతో తల్లి అంది: ఎందుకు నాయనా సంబరం? నీకంటే ముందు ఎందరో యువరాజులై, సింహాసనం ఎక్కకుండానే పోయారు. మీ నాయనకు చావు లేదు. దారి కూడా ఆమే చూపించింది. నాగార్జునుడు రోజూ భోజనానికి ముందు ఎవరేది అడిగినా ఇస్తాడు, పోయి తల అడుగు. వాడు అడిగాడు. నాగార్జునుడు మెడ చాచాడు. రసాయనం తాగిన మెడ కదా, కత్తులు విరిగాయి గానీ అది తెగలేదు. చివరికి తెగే ఉపాయం నాగార్జునుడే చెప్పి తల ఇచ్చేశాడు. మందు చేసే మనిషి పోయాక రాజు రాజ్యం వదిలేసి వెళ్లిపోయాడు.

ఏడో శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన చైనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ కూడా దాదాపు ఇదే కథ రాసుకున్నాడు. అందులో రాజు శాతవాహనుడు. అంటే సోమదేవుడికి నాలుగు వందల ఏళ్ల ముందే ఈ కథ దక్కను రాజుల పేరుతో జనంలో ఉంది.

ఇక్కడ ఒక అభిప్రాయభేదం చెప్పాలి. సాగర్ దగ్గర ఎవరినడిగినా నాగార్జునకొండకు పేరిచ్చిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు, పాదరసాన్ని కట్టి బంగారం చేసిన సిద్ధ నాగార్జునుడు ఒకరేనంటారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. ఏ వస్తువుకూ సొంత ఉనికి లేదనే శూన్యవాదం చెప్పిన ఆచార్యుడిది రెండు, మూడు శతాబ్దాల కాలం. నాగార్జునుడి పేరు మీదున్న రసశాస్త్ర గ్రంథాలు భాషనుబట్టీ విషయాన్నిబట్టీ చాలా తర్వాతివి. ఒకే పేరుతో ఇద్దరో ముగ్గురో ఉన్నారన్నది వాళ్ల మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. అయితే జనం రెండు పేర్లనూ ఎందుకు కలుపుకున్నారో అర్థం కానిదేమీ కాదు. ఇక్కడికి శ్రీశైలం దూరం కాదు, అది రససిద్ధుల, అంటే పాదరసంతో మందులు చేసేవాళ్ల, కొండ అని పేరు. దానికి పడమటి ద్వారం అలంపురం. ముసలితనాన్ని ఆపే మందు గురించి ఈ కృష్ణా తీరంలో వందల ఏళ్లు జనం మాట్లాడుకున్నారు. ఆ మాటలన్నీ ఒక పేరు చుట్టూ చేరాయి.

‘కనుమరుగైన రాజ్యం’: ఎవరి కంటికి?

హాగార్డ్ 1875లో, పందొమ్మిదేళ్ల వయసులో, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఉద్యోగానికి పోయాడు. అప్పటికి నాలుగేళ్ల ముందే కార్ల్ మౌఖ్ అనే జర్మన్ ఇప్పటి జింబాబ్వేలో పెద్ద రాతి కోటల శిథిలాలు చూసి, ఇవి బైబిల్లో వచ్చే షీబా రాణి కట్టించినవేమో అని లోకానికి చెప్పాడు. యూరప్‌వాళ్లకు ఆ మాట బాగా నచ్చింది. నల్లవాళ్లు ఇంత గోడ కట్టారని ఒప్పుకోవడం కంటే, ఎక్కణ్నుంచో వచ్చిన తెల్ల రాణి కట్టించి మాయమైందని నమ్మడం వాళ్లకు సులువు. 1905లో మాక్‌ఐవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ అనే పురావస్తు పరిశోధకులు తవ్వి చూసి, ఇది ఆఫ్రికావాళ్ల కట్టడమేనని తేల్చారు. షోనా ప్రజల పూర్వీకులు పదకొండో శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చిన నగరమది. అయినా అక్కడి తెల్ల ప్రభుత్వం ఆ మాట చెప్పనివ్వకుండా చాలాకాలం అడ్డుపడింది.

ఇది తెలిశాక ‘షీ’ కథ వేరేగా కనబడుతుంది. అక్కడి జనాన్ని మనుషుల్ని తినేవాళ్లుగా చూపించి, వాళ్ల మీద తెల్లని ఒంటి రాణిని కూచోబెట్టి, పక్కనున్న మహానగరాన్ని కట్టినవాళ్లకు వీళ్లు దిగజారిన సంకర సంతతి మాత్రమే అంటుంది నవల. ఇది వలస పాలకుల మనసులో మాట అని కొందరు విమర్శకులంటారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని దాచిపెట్టి పిల్లలకు ఈ సినిమా చూపించకూడదని నా గట్టి నమ్మకం.

ఇంకొందరి చదువు వేరు. నవల పుస్తకంగా వచ్చిన 1887లోనే విక్టోరియా రాణి యాభై ఏళ్ల పాలన పండుగ జరిగింది. మగవాళ్ల లోకాన్ని ఒక స్త్రీ ఏలుతుంటే అక్కడి మగవాళ్లకు లోలోపల ఉన్న జంకు అయేషాలో కనబడుతుందని వీళ్లంటారు. నవలలో అయేషా ఇంగ్లండుకు వచ్చి రాజ్యం చేస్తానంటే హాలీ వణికిపోతాడు. ఆమె తెలివి, చదువు, ఎదురులేని మాట చూసి ఆడవాళ్ల శక్తికి పట్టిన హారతి అనేవాళ్లున్నారు. చివరికి ఆమెను నిప్పులో కాల్చి ఎండబెట్టడం చూసి, అది శక్తి ఉన్న స్త్రీకి వేసిన శిక్ష అనేవాళ్లూ ఉన్నారు. ఒకే పుస్తకంలో ఈ రెండూ ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలోనే లిమ్‌పోపో ప్రాంతంలో బలోబెడు జనానికి వానలు కురిపించే రాణి ఉండేది. పేరు మొజాజి. ఒక రాణి పోతే వారసురాలికీ అదే పేరు. బయటివాళ్లు ఆమెను చూడటం అరుదు, పేరు మాత్రం ఎప్పుడూ వినబడుతుంది. దూరంగా ఉండి వినేవాడికి ఆ రాణి చావనే చావలేదనిపించడంలో వింతేముంది? అయేషాకు ఈమే ప్రేరణ అని చాలామంది అంటారు.

సాగర్ నీళ్ల కింద ఏముంది

ఇప్పుడు మావాడి మూడో ప్రశ్న. అవును, సాగర్ కింద రాజధాని ఉంది. విజయపురి దాని పేరు. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలారు. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ. మెట్ల ఘాట్లు, ఆటల మైదానం, గుళ్లు, స్తూపాలు, విహారాలు. అక్కడి మహాచైత్యానికి స్తంభాలిచ్చి, తన పేరు రాయి మీద చెక్కించుకున్న చాంతిసిరి, తొలి ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. ఆ రాళ్ల మీద దానమిచ్చిన అంతఃపుర స్త్రీల పేర్లు ఇంకా చాలా ఉన్నాయి.

ఈ రాజ్యం రెండుసార్లు పోయింది. మొదటిసారి మరుపులో. 1926లో శాసనాల శాఖవాళ్ల కంటపడేదాకా చదువుకున్న లోకానికి అదొకటుందని తెలియదు. రెండోసారి తెలిసి తెలిసే. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. అప్పటికి ఏడాది ముందే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలై, నీళ్లొచ్చేలోపు లోయంతా తవ్వేయాలని 1960 దాకా సాగాయి. ముఖ్యమైన కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీదా అనుపు దగ్గరా మళ్లీ పేర్చారు. మిగతాది నీటి కిందే ఉంది.

లాంచీలో కొండకు పోతుంటే ఇంజను చప్పుడులో పక్కవాడి మాట కూడా వినబడదు. ఒకసారి నా పక్కన కూచున్న పెద్దాయన తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నీళ్లవైపు చెయ్యి చూపించాడు. “మా ఊరు గాడ ఉండె” అన్నాడు. విజయపురి గురించి చెబుతున్నాడనుకున్నాను. కాదు. ముంపులో పోయిన తన సొంత ఊరు, వాళ్ల నాయన వేసిన చింతచెట్టు. ఇక్ష్వాకుల రాజ్యం కోసం తవ్వకాలు జరిగాయి, మ్యూజియం వచ్చింది. ఆ చింతచెట్టుకు ఏ మ్యూజియమూ లేదు.

కాబట్టి ‘కనుమరుగు’ అన్న మాట కనబడినప్పుడల్లా ఎవరికి అని అడగాలి. రాచకొండ కోట పుస్తకాల్లో ‘మరుగునపడిన రాజధాని’. ఆ గుట్టల్లో మేకలు కాచేవాళ్లకు అది ఏనాడూ మరుగున పడలేదు, ఏ బురుజు ఎక్కడుందో, ఏ గుండంలో నీళ్లుంటాయో వాళ్లకు తెలుసు. శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరాలయం నీళ్లు తగ్గితే బయటపడుతుంది. సోమశిల ఒడ్డు నుంచి జనం పడవల్లో పోయి దండం పెట్టుకుని వస్తారు, నీళ్లొస్తే అది మళ్లీ లోపలికి పోతుంది.

మన రాణి చావు రాయి మీద ఉంది

అయేషాను ఇక్కడ వదిలేసి మన దగ్గర నిజంగా ఏలిన రాణి దగ్గరికొస్తే, ఆమె చావు మీద కూడా పెద్ద చర్చే నడిచింది. కాకతి రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చాలాకాలం రాశారు. 1290లలో ఇటు వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, సముద్రపు రేవైన మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, భర్త పోయి నలభై ఏళ్లయినా న్యాయంగా పాలిస్తోందని రాశాడు. రుద్రమ తనకు ముందేలిన గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. విన్న మాట రాసుకునేటప్పుడు పడ్డ పొరపాటు అది.

నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన శాసనం ఈ లెక్క మార్చింది. శకం 1211, అంటే 1289. పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకం చేరిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథుడి గుడికి భూమి ఇచ్చాడు. దీన్నిబట్టి ఆమె 1289లోనే పోయిందని ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు, 1295 అనేవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. ఇదే నిజమైతే మార్కో పోలో వచ్చేనాటికి ఆమె లేదు. సముద్రపు రేవుల్లో మాత్రం ఆమె పాలన ఇంకా నడుస్తోంది.

తర్వాతి ఆదివారం మావాణ్ని బండి మీద చందుపట్ల తీసుకుపోయాను. రాయి ముందు గొంతుకూచుని చాలాసేపు చూశాడు. ఒకటి రెండు అక్షరాలు పోల్చుకున్నాడు, వేలు పెట్టి వాటి గాటు వెంట నడిపాడు. ఇందులో ఏముందో చెప్పాను.

“సచ్చిపోయిందని రాసిండ్రు, ఎట్ల సచ్చిపోయిందో రాయలేదేంది మామా?”

రాణి, సేనాని కలిసి పోయారు కాబట్టి, కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడ్డప్పుడు యుద్ధంలో చనిపోయి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారని చెప్పాను. రాతి మీద యుద్ధం మాట లేదు. ఒక బంటు, తాను పోగొట్టుకున్న ఇద్దరి పేర్లు, గుడికి రాసిచ్చిన భూమి, అంతే ఉన్నాయి. వాడు ఫోను తీసి ఆ అక్షరాలనే దగ్గరగా పెట్టి ఫొటో తీసుకున్నాడు.